డెబ్బై ఒక్క రాళ్ళ మనిషి

పొద్దున ఆఫీసుకొచ్చి బల్ల తుడుచుకుని కూర్చున్నానో లేదో, మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఏదులగుట్ట వాచర్ నిన్న సాయంత్రం చనిపోయాడట. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. ఆ చేతుల్లో ఒక్క జత కూడా ఏదులగుట్ట ఎక్కిన మనిషిది కాదు. పోనీలే, ఆ మాత్రం మర్యాదైనా ఉంది అనుకుంటుండగానే ఒకాయన అడిగాడు: "మనోడా, అటు సైడోడా?"

ఇంకొకాయన వెంటనే జవాబిచ్చాడు: "అటు సైడ్ అనుకుంట సార్."

ఆయన పేరు పదేళ్ళుగా మా హాజరు పట్టీలోనే ఉంది. నేనే రాశాను. ఫోన్ బోర్లా పెట్టేశాను. ఇటు, అటు అనే ఈ రెండు మాటలు ఆయన ప్రాణం తీశాయని అనను. ఆయన్ని గుండెపోటు తీసుకుపోయింది. కానీ చివరి పదేళ్ళు ఆ మనిషిని పీక్కుతిన్నవి మాత్రం ఈ రెండు మాటలే.

నేను ఆయన్ని మొదట చూసింది మిర్యాలగూడలో, అటవీ శాఖలో గుమస్తాగా చేరిన కొత్తలో. మాది కోదాడ. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. చేరిన వారానికి ఒక మనిషి గుమ్మం బయట నిలబడి కాళ్ళు దులుపుకుంటూ కనిపించాడు. మోచేతుల దాకా సున్నం. కనుబొమ్మల మీద కూడా సున్నమే. చేతిలో సొట్టలు పడ్డ ఇనుప బకెట్.

"అమ్మా, సున్నం ఒడిసింది. ఇంకా ఇరవై రెండు మంది మిగిలిండ్రు" అన్నాడు.

కూలీలేమోనని కాగితం తీసి పేర్లు చెప్పమన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా మొదలుపెట్టాడు. "కుంటోడు, సర్పంచు, అత్తాకోడండ్లు, పెండ్లిపిల్ల, తహసీల్దారు..." నేను బుద్ధిగా రాస్తూనే ఉన్నాను. పక్క బల్ల మీది సీనియర్ గుమస్తా ఇక నవ్వు ఆపుకోలేక, "అవి రాళ్ళమ్మా!" అన్నాడు.

ఏదులగుట్ట రక్షిత అడవి. పెద్దదేం కాదు. తునికి, చండ్ర, బలుసు పొదలు, సీతాఫలం చెట్లు, వాటి మధ్య ఏదుపందులు, నెమళ్ళు, కుందేళ్ళు. గుట్ట చుట్టూ మోకాలెత్తున రాళ్ళు పేర్చి కట్టిన దిమ్మెలుంటాయి. అవే హద్దు రాళ్ళు. మొత్తం డెబ్బై ఒకటి. వాటి లోపలిది అడవి, బయటిది ఊరు. ఏటా ఎండాకాలం మొదట్లో వాటికి సున్నం వేసి, నల్లరంగుతో నంబరు వేయాలి. అది వాచర్ పని. మిగతా వాచర్లు రోడ్డు పక్క కనపడే రాళ్ళకు వేసి మమ అనిపించేవారు. ఈయన సున్నంలో తుమ్మబంక కలిపి, రెండు పూతలు వేసి, ఒక్కో రాయికి ఒక్కో పేరు పెట్టుకున్నాడు. పక్కకు ఒరిగింది కుంటోడు. ఎత్తు మీద కూర్చుని అందరికీ కనపడేది సర్పంచు. ఎదురెదురుగా ఉండి మొహాలు తిప్పుకున్నట్టుండేవి అత్తాకోడండ్లు. పొదలో దాక్కుని, ఎప్పుడు వెళ్ళినా దొరకనిది తహసీల్దారు.

ఆయన వాచరైన కథ కూడా అలాంటిదే. గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు, మోతె వైపు. త్రిపురారం వైపు ఇల్లరికం వచ్చాడు. పడుచుతనంలో ఒకసారి అడవిలో మేపుతున్నాడని గార్డు ఆయన గొర్లను పట్టుకున్నాడట. "నా గొర్లు హద్దు బయటున్నయి. హద్దు ఏడుందో నువ్వు సూపియ్యి సారూ" అని నిలదీశాడు. గార్డుకు తెలియదు. అప్పటి ఆఫీసర్ ఎవరో చమత్కారి, హద్దు తెలిసినవాడు ఇతనొక్కడే అని గొర్లను వదిలేసి మనిషిని పట్టుకుని ఉద్యోగంలో పెట్టాడు. ఈ కథ నాకు కనీసం ముప్పైసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ గొర్ల సంఖ్య పెరిగేది.

ఒక్కసారి ఆయన వెంట గుట్ట చుట్టూ నడిచాను. రాయికీ రాయికీ మధ్య దూరం ఆయనకు అడుగుల్లో తెలుసు. నడుస్తున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉంటాయి. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. తప్పితే విసుక్కోడు, ఏమీ అనడు, గిరుక్కున తిరిగి వెనకటి రాయి దగ్గరికి పోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆ రోజు నా నోటి దురద వల్ల ఇద్దరం సర్పంచు దగ్గరికి మూడుసార్లు ఎక్కి దిగాం.

"అన్నీ మ్యాపులో ఉన్నాయి కదా కాకా, ఎందుకింత అవస్థ?" అన్నాను మోకాళ్ళు పట్టుకుని.

"రాత మీ దగ్గరుంటది బిడ్డా, రాయి నా దగ్గరుంటది. రెండు కలిస్తెనే గుట్ట" అన్నాడు. ఆ తర్వాత ఆఫీసు నుంచి వెళ్ళేటప్పుడల్లా గుమ్మంలో ఆగి ఆ మాట అనేవాడు. మేం నవ్వేవాళ్ళం.

రాష్ట్రం వచ్చినప్పుడు ఆయన సంబరం చూడాలి. ఒకటో నంబరు రాయికి బంతిపూల దండ వేసి, మా అందరికీ బొరుగులు, పుట్నాలు తెచ్చిపెట్టాడు. "ఇగ మన సర్కారు, మన గుట్ట. ఏ పరేషాన్ ఉండది" అన్నాడు. నేనూ నమ్మాను. నమ్మకపోవడానికి అప్పుడు మాకెవరికీ కారణం కనపడలేదు.

తర్వాత జిల్లాలు విడిపోయాయి. మండలాల వారీగా గీత గీశారు. ఆ గీత సరిగ్గా ఏదులగుట్ట వీపు మీద నుంచి పోయింది. ఒకటి నుంచి ముప్పై ఎనిమిది రాళ్ళు సూర్యాపేట వైపు, ముప్పై తొమ్మిది నుంచి డెబ్బై ఒకటి మిర్యాలగూడ వైపు. దసరాకల్లా కొత్త ఆఫీసులు తెరవాలి, ఈలోగా ఫైళ్ళన్నీ పంచెయ్యాలి. ఆ పంపకం పని నా మీద పడింది. ఫైళ్ళు ఎలాగో పంచాను. గుట్ట మ్యాపు దగ్గర ఆగిపోయాను. నిజాం కాలంనాటి గుడ్డ మ్యాపు. మూలల్లో ఉర్దూ రాత, గుట్ట చుట్టూ డెబ్బై ఒక్క చుక్కలు, వాటిని కలుపుతూ ఒక ఎర్ర గీత. ఉన్నది అదొక్కటే.

ఆఫీసర్ ఫోన్లో ఉన్నాడు. ఫోన్ చెవికి అలాగే పెట్టుకుని, "చెరో సగం పంపెయ్. ఎవరడిగినా సగమైనా చూపించొచ్చు" అన్నాడు.

కత్తెర తీశాను. వాచర్ సున్నం కోసం వచ్చి అక్కడే నిలబడి ఉన్నాడు. ఎన్నడూ గడప దాటి లోపలికి రానివాడు గబగబా నా బల్ల దాకా వచ్చాడు.

"కొయ్యకు బిడ్డా. గొర్ల దొడ్డికి సగం కంచె ఉంటే దాన్ని దొడ్డి అంటరా? మందంత బయటికే పోతది."

"ఆర్డర్ వచ్చింది కాకా."

"కత్తెర పెట్టి కొయ్యమని ఆర్డర్ల రాసిండ్రా?"

రాయలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఒక నకలు తీయించి పంపుదాం సార్ అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఇంకా నలభై కట్టలు మిగిలున్నాయి, కోదాడ బస్సు టైమవుతోంది. కోసేశాను. పాత గుడ్డ చర్రున తెగింది. ఆయన రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి కాసేపు చూశాడు. "పుట్టిన మోతె అటువాయె, ఇల్లు ఇటువాయె. రేపు నన్ను గూడ గిట్లనే కోస్తరేమో" అని బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు గుమ్మంలో ఆగి తన మాట అనలేదు.

కోసేటప్పుడు నా బుర్రకు తట్టనిది ఏమిటంటే, హద్దు అనేది చుట్టూ తిరిగి మొదలైన చోటికే రావాలి. అప్పుడే దాని లోపల అడవి ఉన్నట్టు. నేను కోసిన రెండు ముక్కల్లోనూ ఎర్ర గీత అంచు దాకా వచ్చి ఆగిపోయింది. భూముల రికార్డులు కొత్తగా ఎక్కిస్తున్నప్పుడు సర్వే వాళ్ళు ఇటు ఆఫీసును అడిగారు. మిగతా హద్దు అటు ఉందని రాశాం. అటు వాళ్ళను అడిగారు. మిగతాది ఇటు ఉందని వాళ్ళు రాశారు. ఎవరూ అబద్ధం రాయలేదు. గుట్ట మాత్రం రికార్డులో ఎవరిదీ కాకుండా పోయింది.

నన్ను సూర్యాపేటకు వేశారు, ఆయన్నీ ఇటే వేశారు. గుట్ట హద్దు తేల్చమని ఆయన నెలకోసారి రెండు ఆఫీసులూ తిరిగేవాడు. నా కళ్ళముందే నలుగురు ఆఫీసర్లు మారారు. ప్రతి ఒక్కరూ, "నేను కొత్తగా వచ్చాను, స్టడీ చేస్తాను" అన్నవారే. స్టడీ పూర్తయ్యేలోపు బదిలీ. ఎన్నికలొస్తే కోడ్ అన్నారు. ఎన్నికలై సర్కారు మారితే, పైనుంచి కొత్త మార్గదర్శకాలు రావాలన్నారు. ఆయన అన్నీ విని, "మంచిది సారూ" అని లేచేవాడు. నాకు మాత్రం ఆ 'మంచిది' వినపడినప్పుడల్లా బల్ల మీది పేపర్ వెయిట్ ఎవరి మీదైనా విసరాలనిపించేది. విసరలేదు. గుమస్తాలు విసరరు.

ఈలోగా గుట్ట వీపు మీద, గీత పోయిన చోటే, ఎవరో చదును చేయడం మొదలుపెట్టారు. ముందు ఒక రంగు కండువాల వాళ్ళ కార్లు గుట్ట కింద ఆగేవి. సర్కారు మారాక ఇంకో రంగు కండువాలు. జేసీబీ మాత్రం అదే, డ్రైవరూ అతనే. "కాకా, మంచిగున్నవా" అని మా వాచర్‌ని పలకరించేవాడు కూడా. తునికి చెట్లు పోయాయి, ఏదుపందుల బొరియలు పూడిపోయాయి. ముప్పై తొమ్మిది నుంచి నలభై మూడు దాకా ఐదు రాళ్ళు మట్టిలో కలిశాయి.

ఆయన చేసిందల్లా ఒక్కటే. ముప్పై ఎనిమిదో రాయి దగ్గర ఆగమని ఆర్డర్ ఉన్నా ఆగకుండా, మిగిలిన రాళ్ళన్నిటికీ సున్నం వేశాడు. రాయి లేని చోట అడుగులు లెక్కపెట్టుకుని, నేల మీదే సున్నం పోసి నంబరు రాశాడు. ఆ తెలుపు చూసి ఎవరి కళ్ళు మండాయో మండాయి. అటు ఆఫీసు నుంచి ఫిర్యాదు వచ్చింది. మా ఆఫీసర్ మెమో ఇవ్వమన్నాడు. నేనే టైపు చేశాను. 'ముప్పై తొమ్మిది నుంచి డెబ్బై ఒకటి వరకు గల అటవీ సరిహద్దు రాళ్ళకు, తమ పరిధి దాటి, అనుమతి లేకుండా సున్నం వేసినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలసినది.'

మెమో అందుకోవడానికి ఆయన వచ్చాడు. చదివి వినిపించమన్నాడు. తల ఎత్తలేక గబగబా చదివేశాను.

"రాళ్ళ నంబర్లు రాసిండ్రా?" అని అడిగాడు.

"రాశారు కాకా."

"ఏ నంబరుకెళ్ళి ఏ నంబరుదాక?"

"ముప్పై తొమ్మిది నుంచి డెబ్బై ఒకటి."

"అటవీ సరిహద్దు రాళ్ళు అని రాసిండ్రా? గట్లనే ఉన్నదా?"

"అలాగే ఉంది."

ఆయన మొహం విప్పారింది. కాగితాన్ని రెండు చేతులతో కళ్ళకద్దుకుని, "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అన్నాడు. మతి పోయిందేమో అనుకున్నాను. తిన్నగా బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు పోయి ఆ మెమోకు లామినేషన్ చేయించుకున్నాడని తర్వాత తెలిసి, ఆఫీసంతా వారం రోజులు నవ్వుకుంది.

ఆ నవ్వు ఉమ్మడి తనిఖీ నాడు ఆగిపోయింది. ఎవరో పత్రికలో రాస్తే, రెండు ఆఫీసుల వాళ్ళూ, సర్వేయరూ ఎట్టకేలకు గుట్ట దగ్గరికొచ్చారు. మా వాచర్ ముందు నడిచాడు. ఆఫీసర్లకు ఫోన్లు వచ్చినప్పుడల్లా లెక్క తప్పి వెనక్కి తిరిగాడు. ఆయనతోపాటు అందరూ తిరగాల్సి వచ్చింది, ఎండలో. చదును చేసిన ఎర్రమట్టిలో ఆగి, "గీడుండె ముప్పై తొమ్మిది. పెండ్లిపిల్ల" అన్నాడు.

"కాగితం కావాలి పెద్దాయనా. నోటిమాట పనికిరాదు" అన్నాడు సర్వేయర్.

ఆయన అంగీ లోపలి నుంచి లామినేషన్ మెమో తీశాడు. సర్వేయర్ ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. మా ఆఫీసర్ వైపు తిరిగి, "ఇందులో అటు వాళ్ళ ఫిర్యాదు నంబరుంది, మీ సంతకం ఉంది. ఈ రాళ్ళు అడవి హద్దని రెండు ఆఫీసులూ ఒప్పుకున్నట్టే కదా" అన్నాడు. మెమోను వాచర్ చేతికి తిరిగి ఇస్తూ అన్నాడు: "వచ్చే సోమవారం రెండు మ్యాపు ముక్కలూ ఇక్కడికి తెండి. కలిపి చూసి హద్దు వేసేస్తా."

సోమవారం వచ్చింది. మా సగం ముక్క నా వెనక బీరువాలోనే ఉంది, నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో.

"మనమెందుకు పోవాలి? అటు వాళ్ళను ఉత్తరం రాయమను" అన్నాడు ఆఫీసర్. అటు ఆఫీసర్ కూడా సరిగ్గా అదే మాట అన్నాడట.

పదకొండింటికి గుట్ట దగ్గర్నుంచి వాచర్ ఫోన్ చేశాడు. "వస్తున్నవా బిడ్డా?"

"లెటర్ రావాలి కాకా."

రెండింటికి మళ్ళీ చేశాడు. సర్వేయర్ వెళ్ళిపోయాడట. "అయినా నువ్వు రా. మ్యాపు తెస్తే మళ్ళ పిలుస్త" అన్నాడు. నాలుగింటికి ఇంకోసారి. "సున్నం గడ్డకడ్తున్నది. ఇంకో బిందెడు నీళ్ళు పోసి కలిపిన. ఉంట గీడనే."

నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ తర్వాత ఆయన నాకు ఫోన్ చేయలేదు. రెండు నెలలకు వాట్సాప్‌లో ఆ మెసేజ్ వచ్చింది.

దినాలయ్యాక త్రిపురారం వైపు ఉన్న వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా కోదాడ బిడ్డవు?" అంది. అవునన్నాను. లోపలికి పోయి ఆ లామినేషన్ మెమో తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకే ఇయ్యమన్నడు. సుట్టపోళ్ళకు, పక్కోళ్ళకు, ఒక్కలను ఇడ్వలే, అందరికి సూపిచ్చిండు. మా బిడ్డ రాసిచ్చింది అనెటోడు. పై సారుకు తెల్వకుంట, నన్ను తిట్టినట్టే రాసి రాళ్ళన్ని అండ్ల ఎక్కిచ్చింది, గంత తెలివి ఎవలకుంటది అనెటోడు."

ఆ నంబర్లు నేను తెలివితో ఎక్కించినవి కావు. ఫిర్యాదులో ఎలా ఉంటే అలా, బస్సు టైము చూసుకుంటూ, బుర్ర పెట్టకుండా ఎత్తిరాసినవి. ఆయన గుట్టను రెండు ముక్కలు చేసింది నేను, ఆయనకు మెమో కొట్టింది నేను, సోమవారం కుర్చీలో కూర్చున్నది నేను. ఆయన మాత్రం నా గురించి ఊరంతా అలా చెప్పుకున్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆమె నీళ్ళ చెంబు అందించింది. తాగి, దండం పెట్టి వచ్చేశాను.

మర్నాడు బీరువా తెరిచి, మా సగం ముక్క తీసి, రికార్డు బయటికి తీసుకెళ్ళే రిజిస్టర్‌లో నా పేరు రాశాను. 'ఎవరి అనుమతితో' అన్న గడి ఖాళీగా వదిలేశాను. మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడి గుమస్తా మంచివాడు. అరగంట వెతికి తమ ముక్కను బీరువా అడుగున, కట్టల కింద పరిచి ఉండగా బయటికి లాగాడు. దులిపి, రెండూ బల్ల మీద కలిపి పెట్టాం. ముప్పై తొమ్మిదో చుక్క సరిగ్గా నా కత్తెర దారిలో ఉంది. ఇటు సగం, అటు సగం. కలిపితే నిండు చుక్క అయింది. నకలు తీయించి, మెమో నకలు కూడా జతచేసి, సర్వే ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

సర్వే తేదీ ఇంకా రాలేదు. అక్కడికీ కొత్త సారు వచ్చాడట, స్టడీ చేస్తున్నాడట. నాకు మాత్రం మెమో వచ్చింది. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి టైపు చేసింది. ఆమె మొహం చిన్నబుచ్చుకుని, తల ఎత్తకుండా కాగితం నా ముందు పెట్టింది. 'ఏదులగుట్ట అటవీ సరిహద్దు రాళ్ళు ఒకటి నుంచి ముప్పై ఎనిమిది వరకు గల మ్యాపు భాగాన్ని, ముప్పై తొమ్మిది నుంచి డెబ్బై ఒకటి వరకు గల భాగంతో, తమ పరిధి దాటి, అనుమతి లేకుండా కలిపినందుకు...'

కింద సంతకం ఉందో లేదో చూశాను. నంబర్లు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను. డెబ్బై ఒకటీ ఉన్నాయి.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్ళి లామినేషన్ చేయించాను.